ముందు ట్యాపెట్లు, తరువాత పాయింట్లు, ఆ పైన టైమింగ్

(పాత అంబాసిడర్ కార్ల యజమానులకూ, ఐటీఐ మోటారు మెకానిక్ విద్యార్థులకూ విజయవాడ ఆటోనగర్‌లో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రమే తీసివేశాము.)

అందరికీ నమస్కారం. నాకు అప్పగించిన అంశం అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకు వాల్వులు (మన షెడ్ల మాటలో ట్యాపెట్లు) సవరించడం, ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో స్పార్కు వచ్చే వేళ, పెట్టడం. ఈ రెండు పనులూ ఇక్కడ కూర్చున్న పెద్ద మేస్త్రీలకు కొత్తవి కావు. కళ్లు మూసుకుని చేయగలవారు ఈ హాలులోనే ఉన్నారు. అయినా ఈ విషయం ఎందుకు చెప్పవలసి వస్తున్నదంటే, పని చేతికి బాగా వచ్చినవారు కూడా వరుస తప్పుతున్నారు. బండికి పికప్ లేదని ఒకరు తీసుకువస్తారు. మొదట మన చెయ్యి ఎక్కడికి పోతుంది? కార్బురేటర్ స్క్రూ మీదికి పోతుంది. అక్కడ కుదరకపోతే స్పార్కును ఒక్కొక్క ప్లగ్గుకూ పంచే డిస్ట్రిబ్యూటర్ క్లాంపు వదులు చేసి అటూ ఇటూ తిప్పుతాము. ట్యాపెట్ కవరు తీయడమన్నది అన్నిటికన్నా ఆఖరున, అదీ ఓపిక మిగిలి ఉంటే. నేను చెప్పబోయేది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు ట్యాపెట్లు. తరువాత పాయింట్లు, అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల కలుస్తూ విడిపోతూ స్పార్కు పుట్టించే రెండు లోహపు మొనలు. ఆ పైన టైమింగ్. అన్నీ అయ్యాక కార్బురేటర్.

ఈ వరుస ఎందుకు? కారణం చాలా సులువైనది. ట్యాపెట్ అనేది ఒక్కొక్క సిలిండర్‌కు విడివిడిగా చేసే సవరణ. పాయింట్లు, టైమింగ్, కార్బురేటర్ నాలుగు సిలిండర్లకూ ఉమ్మడిగా చేసే సవరణలు. మూడో సిలిండర్‌లో పొగను బయటకు వదిలే ఎగ్జాస్ట్ వాల్వు బిగుసుకుని కంప్రెషన్ జారిపోతున్నదనుకోండి. ఇంజను నీరసంగా తిరుగుతుంది. అప్పుడు మీరు టైమింగ్ ముందుకు జరిపితే ఏమవుతుంది? ఆ ఒక్క సిలిండర్ ఏ కాస్తో కుదుటపడినట్లు అనిపిస్తుంది, కాని ఏ తప్పూ చేయని మిగిలిన మూడు సిలిండర్లలో నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి మండి కిటకిటమనడం, మొదలవుతుంది. ఒక సిలిండర్‌లోని లోపాన్ని నాలుగింటి మీదా పనిచేసే సవరణతో సరిచేయబోవడమే మన షెడ్లలో జరిగే పెద్ద పొరపాటు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే నేను ఇకపై చెప్పేదంతా దాని వివరణే.

ఏ ఇంజను గురించి మాట్లాడుతున్నానో ముందు స్పష్టం చేస్తాను. హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 1950ల చివరి నుంచి 2014 దాకా తయారుచేసిన అంబాసిడర్‌లో ఎన్నో ఏళ్లు వాడిన 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ పెట్రోలు ఇంజను ఇది. దీని పుట్టుక ఇంగ్లండులో, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ సిరీస్‌లో. కామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను తెరిపించే మిట్టలున్న ఇరుసు, కింద బ్లాకులో ఉంటుంది, అక్కడి నుంచి పుష్‌రాడ్లు పైకి వచ్చి రాకర్లను ఎత్తుతాయి, రాకర్లు వాల్వులను కిందికి నొక్కుతాయి. ఫైరింగ్ ఆర్డరు 1, 3, 4, 2. తరువాతి రోజుల్లో వచ్చిన 1800 సీసీ ఇసుజు ఇంజను వేరు, దానికి ఈ అంకెలు వర్తించవు. డీజిలు అంబాసిడర్ ఉన్నవారు టైమింగ్ భాగం వచ్చినప్పుడు కాసేపు టీ తాగి రావచ్చును, మీ ఇంజనులో స్పార్కు లేదు. కాని ట్యాపెట్ల భాగం మీకు కూడా కావాలి, కనుక ఇప్పుడే లేవకండి.

ఇక వాల్వులు. రాకర్‌కూ వాల్వు కాడ కొసకూ మధ్య కొంచెం ఖాళీ ఎందుకు వదలాలి? వానాకాలంలో తలుపు చెక్క ఉబ్బి గడియ పడకపోవడం మన ఇళ్లలో అందరం చూసినదే. వాల్వు కూడా వేడెక్కినకొద్దీ సాగుతుంది. సాగడానికి చోటు ఇవ్వకపోతే అది తన సీటు మీద పూర్తిగా కూర్చోదు. కూర్చోకపోతే రెండు అనర్థాలు. మొదటిది, కంప్రెషన్ కారిపోతుంది. రెండవది ఇంకా చెడ్డది. ఎగ్జాస్ట్ వాల్వు తలకు తగిలే వేడిలో ఎక్కువ భాగం బయటకు పోయే దారి ఆ సీటే. వాల్వు మూసుకుని సీటును అంటిపెట్టుకుని ఉన్నంతసేపు వేడి సిలిండర్ల పైమూత అయిన హెడ్‌లోకి, హెడ్ నుంచి నీళ్లలోకి వెళుతుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంకు, రెండు చుట్లు తిరగడానికి, అంటే 720 డిగ్రీలకు, వాల్వు తెరుచుకుని ఉండేది సుమారు మూడో వంతు మాత్రమే. మిగిలిన కాలమంతా అది చల్లబడే కాలం. ట్యాపెట్ బిగువుగా పెట్టారంటే ఆ చల్లబడే కాలాన్ని దోచుకున్నట్లే. పైగా మూసుకోని ఆ సన్నని సందులోంచి మండే వాయువులు దూసుకుపోతూ వాల్వు అంచును కోసేస్తాయి. వాల్వు కాలిపోయింది, పెట్రోలు మంచిది కాదు అని మనం తీర్పు చెబుతాము. పెట్రోలు తప్పు కొంత ఉండవచ్చు. కాని అంతకన్నా ముందు ఖాళీ కొలిచే రేకు, అదే ఫీలర్ గేజి, తప్పు ఉందేమో చూడాలి కదా.

ఇక్కడ యజమానులకు ఒక మాట. మీరు బండి తెచ్చి మేస్త్రీతో ట్యాపెట్లు చప్పుడు చేస్తున్నాయి, చప్పుడు లేకుండా చెయ్యండి అంటారు. మేస్త్రీ మిమ్మల్ని సంతోషపెట్టడానికి బిగిస్తాడు. చప్పుడు పోతుంది. మూడు నాలుగు నెలల తరువాత వాల్వు కూడా పోతుంది. ఈ ఇంజనుకు సన్నని టిక్కుటిక్కు శబ్దం సహజం. ఖాళీ ఎక్కువైతే వినిపిస్తుంది, తక్కువైతే వినిపించదు. ప్రమాదమున్నది వినిపించని వైపు. కాబట్టి చప్పుడును బట్టి ట్యాపెట్ పెట్టించవద్దు, అంకెను బట్టి పెట్టించండి.

అంకె ఎంత? అంగుళంలో వెయ్యో వంతును మన షెడ్లలో థౌ అంటాము కదా, ఈ ఇంజనుకు ఇన్‌లెట్‌కైనా ఎగ్జాస్ట్‌కైనా 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటరు, ఇంజను వేడిగా ఉండగా. వేడిగా అన్న మాట ముఖ్యం. ఏ ఇంజనుకైనా పుస్తకంలో అంకె పక్కన వేడిగానా, చల్లగానా అన్నది రాసి ఉంటుంది. ఆ షరతు వదిలేసి అంకె మాత్రమే తీసుకుంటే సగం మాటే పాటించినట్లు. వేడిమీద చేయమన్నప్పుడు బండిని ఓ పది కిలోమీటర్లు నడిపి తెచ్చి, పనిముట్లన్నీ ముందే చేతికందేట్లు పెట్టుకుని, కవరు తీసి వెంటనే మొదలుపెట్టాలి. కవరు తీశాక ఫోను మాట్లాడుతూ కూర్చుంటే ఒకటో వాల్వుకూ ఎనిమిదో వాల్వుకూ మధ్య ఇంజను చల్లారిపోతుంది.

ఏ వాల్వును ఎప్పుడు సవరించాలి? దీనికి తొమ్మిది లెక్క అని ఒకటి ఉంది, విద్యార్థులు రాసుకోండి. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకు 1 నుంచి 8 దాకా అంకెలు వేసుకోండి. ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్, మళ్లీ ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్, ఇదీ వాటి వరుస. 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు, అంటే దాని స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు, 1వ దానిని సవరించాలి. 6 తెరుచుకున్నప్పుడు 3. 4 తెరుచుకున్నప్పుడు 5. 7 తెరుచుకున్నప్పుడు 2. తరువాత 1 తెరుచుకున్నప్పుడు 8, 3 తెరుచుకున్నప్పుడు 6, 5 తెరుచుకున్నప్పుడు 4, 2 తెరుచుకున్నప్పుడు 7. ఏ జత కూడినా తొమ్మిదే. ఈ వరుసలో వెళితే క్రాంకు రెండు చుట్లలో ఎనిమిదీ పూర్తవుతాయి.

లెక్క బాగుంది, కాని తొమ్మిదే ఎందుకు? బట్టీ పట్టినవాడు ఇంజను మారగానే తప్పుతాడు, కనుక కారణం తెలియాలి. ఈ ఇంజనులో 1, 4 పిస్టన్లు కలిసి పైకి వస్తాయి, కలిసి కిందికి పోతాయి. 2, 3 కూడా అంతే. కాని ఒకటి కంప్రెషన్‌లో ఉంటే దాని జత ఎగ్జాస్ట్‌లో ఉంటుంది. రెండింటికీ మధ్య క్రాంకు లెక్కలో 360 డిగ్రీల ఎడం. కామ్‌షాఫ్ట్ క్రాంకు వేగంలో సగమే తిరుగుతుంది కనుక కామ్ లెక్కలో అది 180 డిగ్రీలు, అంటే సరిగ్గా ఎదురుబొదురు. 8వ వాల్వు కామ్ శిఖరం మీద ఉన్నదంటే 1వ వాల్వు కామ్ వీపు మీద ఉన్నట్లే. ఖాళీ కొలవవలసింది అక్కడే. శిఖరం పక్క వాలు మీద కొలిస్తే అంకె తప్పుతుంది. రెండు చివరల నుంచి లోపలికి వాల్వుల అమరిక అద్దంలో చూసినట్లు సమానంగా ఉండడం వల్ల మొత్తం తొమ్మిది వస్తోంది, అంతే. వేరే అమరిక ఉన్న ఇంజనుకు, మూడు సిలిండర్ల మారుతీకి, ఈ లెక్క వేయకూడదు.

ఇంజను తిప్పడానికి స్టార్టింగ్ హ్యాండిల్ ఉంటే వాడండి. లేకపోతే టాప్ గేరులో వేసి బండిని నెట్టండి. ప్లగ్గులు నాలుగూ తీసేస్తే కంప్రెషన్ అడ్డు ఉండదు, చేయి నొప్పి పుట్టదు, ఆ ప్లగ్గులను చూసినట్లూ అవుతుంది. లాక్‌నట్ వదులు చేసి, స్క్రూడ్రైవరుతో అడ్జస్టింగ్ స్క్రూ తిప్పి, గేజి రేకు కాస్త పట్టు తగులుతూ జారేట్లు పెట్టి, లాక్‌నట్ బిగించాలి. బిగించేటప్పుడు స్క్రూ కూడా నట్టుతో పాటు కొంచెం తిరుగుతుంది. కనుక బిగించాక మళ్లీ కొలవాలి. ఈ మళ్లీ కొలవడం చాలామంది చేయరు. ఇంకొక మోసం ఉంది. చాలాకాలం తిరిగిన రాకర్ కొస మీద వాల్వు కాడ ఒత్తుకుని చిన్న గుంట పడుతుంది. గేజి రేకు తిన్నగా ఉంటుంది కనుక గుంటలోకి దిగదు, గట్ల మీద ఆనుకుంటుంది. గేజి 15 చూపుతుంది, లోపల అసలు ఖాళీ 20 ఉంటుంది. సరిగ్గా పెట్టాను, అయినా చప్పుడు పోవడంలేదు అనేవారు రాకర్ కొసను వేలితో తడిమి చూడండి. గుంట తగిలితే రాకర్‌ను రుబ్బించడమో, మార్చడమో చేయాలి తప్ప ట్యాపెట్ ఇంకా బిగించకూడదు.

అలా రాకర్ షాఫ్ట్ విప్పవలసి వస్తే ఒక జాగ్రత్త. ఈ ఇంజనులో రాకర్ బ్రాకెట్లను పట్టి ఉంచే నట్లలో కొన్ని సిలిండర్ హెడ్ నట్లే. వాటిని మాత్రమే విప్పితే హెడ్ ఒక పక్కకు వంగి ప్యాకింగ్ లీకవుతుంది. ముందు రేడియేటర్ నీళ్లు దించి, హెడ్ నట్లన్నీ వరుసలో కొంచెం కొంచెంగా వదులు చేసి, ఆ తరువాతే షాఫ్ట్ తీయాలి. తిరిగి బిగించాక ట్యాపెట్లు మళ్లీ మొదటి నుంచి. హెడ్ నట్లు ఎప్పుడు బిగించినా ట్యాపెట్ ఖాళీ మారుతుంది, ఇది గుర్తుంచుకోండి.

ట్యాపెట్లు ఎన్నాళ్లకొకసారి చూడాలి అని ఒక యజమాని ఇందాక నన్ను అడిగారు. పాత పుస్తకాల్లోని గడువు కన్నా తొందరగా చూడాలన్నది నా అభిప్రాయం. కారణం చెబుతాను. 2000 ఫిబ్రవరి 1 నుంచి మన దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. అది మన ఊపిరితిత్తులకూ, పిల్లల మెదళ్లకూ ఎంతో మేలు చేసింది. సందేహం లేదు. కాని ఈ ఇంజను తయారైన కాలంలో పెట్రోలులోని సీసం వాల్వు సీటు మీద పలుచని పొరగా ఏర్పడి, లోహానికి లోహం అతుక్కుని చిరగకుండా కాపాడేది. పోత ఇనుప హెడ్‌లోనే నేరుగా సీటు కోసి ఉన్న పాత ఇంజన్లలో ఆ రక్షణ లేక, ఎక్కువ వేగంతో, ఎక్కువ బరువుతో నడిచినప్పుడు ఎగ్జాస్ట్ సీటు కొంచెం కొంచెంగా అరిగి వాల్వు హెడ్‌లోకి కూరుకుపోతుంది. వాల్వు తల లోపలికి పోతే కాడ కొస ఏమవుతుంది? పైకి లేస్తుంది, రాకర్‌కు దగ్గరవుతుంది. ఖాళీ తగ్గిపోతుంది. శబ్దం రాదు, మీకు తెలియదు. ప్రతిసారీ అదే వాల్వు బిగుసుకుంటున్నదంటే సీటు కూరుకుపోతున్నదని అర్థం. హెడ్ దించి గట్టి లోహపు సీటు రింగులు వేయించడం ఒక్కటే దానికి శాశ్వతమైన మార్గం.

ఇప్పుడు పాయింట్లు. డెల్కో, అంటే డిస్ట్రిబ్యూటర్, మూత తీసి, లోపల తిరిగే రోటర్ పీకండి. ఈ పద్ధతి కొత్తది కాదు. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో స్పార్కు పుట్టించే ఏర్పాటును అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించగా 1910 మోడల్ కాడిలాక్‌లో వాడారు. మన అంబాసిడర్ పని కూడా ఆ సూత్రం మీదే. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు కాయిల్‌లో కరెంటు ప్రవహించి అయస్కాంత క్షేత్రం నిండుతుంది. పాయింట్లు విడిపోగానే ఆ క్షేత్రం కుప్పకూలి, రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర స్పార్కు వస్తుంది. అంటే స్పార్కు వచ్చేది పాయింట్లు కలిసినప్పుడు కాదు, విడిపోయిన క్షణంలో. ఈ ఒక్కటి అర్థమైతే పాయింట్ల ఖాళీకీ టైమింగ్‌కూ ఉన్న సంబంధం దానంతట అదే తెలుస్తుంది.

ఖాళీ ఎక్కువ పెట్టారనుకోండి. కామ్ మిట్ట పాయింట్ల మడమను ముందుగానే తాకి తోస్తుంది, పాయింట్లు ముందే విడిపోతాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది. ఖాళీ తగ్గితే ఆలస్యంగా విడిపోతాయి, టైమింగ్ వెనక్కి పోతుంది. అందుకే టైమింగ్ పెట్టిన తరువాత పాయింట్లు ముట్టుకున్నారంటే, ఒక గంట చేసిన పని ఒక్క నిమిషంలో చెరిపేసినట్లు. లూకాస్ రకం డిస్ట్రిబ్యూటర్‌కు మడమ కామ్ శిఖరం మీద ఉండగా ఖాళీ 14 నుంచి 16 థౌ ఉండాలి. డ్వెల్, అంటే పాయింట్లు కలిసి ఉండే కోణం, కొలిచే మీటరు ఉన్నవారికి నాలుగు సిలిండర్ల లెక్కన 60 డిగ్రీల ప్రాంతం, మూడు డిగ్రీలు అటూ ఇటూ. డ్వెల్ ఒక డిగ్రీ మారితే క్రాంకు లెక్కలో టైమింగ్ కూడా దాదాపు ఒక డిగ్రీ మారుతుందని గుర్తుపెట్టుకోండి.

వాడిన పాయింట్లలో ఒక దాని మీద మొటిమ, రెండోదానిలో గుంట ఏర్పడతాయి. అక్కడ కూడా గేజి రేకు ఇందాక రాకర్ దగ్గర మోసపోయినట్లే మోసపోతుంది. సన్న ఆకురాయితో మొటిమ తీసేయండి, లేదా కొత్త సెట్ వేయండి. మొటిమ మరీ త్వరగా పెరుగుతున్నదంటే పాయింట్ల దగ్గర నిప్పురవ్వను తగ్గించే కండెన్సర్‌ను అనుమానించండి. కామ్ మీద గ్రీజు చిటికెడు చాలు, ఎక్కువ రాస్తే పాయింట్ల మీదకు చిమ్మి కాలి నల్లబడుతుంది. చివరగా డిస్ట్రిబ్యూటర్ ఇరుసును వేళ్లతో పట్టి పక్కలకు కదిపి చూడండి. బుష్ అరిగి ఇరుసు ఊగుతుంటే నాలుగు మిట్టల దగ్గరా నాలుగు రకాల ఖాళీ వస్తుంది. అప్పుడు మీరు ఏ ఖాళీ పెట్టినా అది ఒక సిలిండర్‌కే నిజం. బుష్ మార్చనిదే టైమింగ్ జోలికి పోవద్దు.

ఇప్పుడు టైమింగ్. పిస్టన్ పైకి వచ్చి ఆగేచోటు, మనం టీడీసీ అంటాము, అక్కడికి రాకముందే స్పార్కు ఎందుకు ఇవ్వాలి? మిశ్రమం ఒక్కసారిగా పేలదు, మంట ప్లగ్గు దగ్గర మొదలై గది అంతా పాకడానికి కొంత కాలం పడుతుంది. ఆ కాలం సుమారు 2 మిల్లీసెకన్లు అనుకుందాము, లెక్క కోసం. ఇంజను నిమిషానికి 700 చుట్లు తిరుగుతుంటే ఆ కాలంలో క్రాంకు 8 డిగ్రీలకు పైగా తిరుగుతుంది. 3000 చుట్ల వేగంలోనైతే? సెకనుకు 50 చుట్లు, అంటే 18,000 డిగ్రీలు. ఆ 2 మిల్లీసెకన్లలో 36 డిగ్రీలు తిరిగిపోతుంది. మంట వలన పుట్టే ఒత్తిడి పిస్టన్ టీడీసీ దాటి ఓ 15 డిగ్రీల దగ్గర ఉండగా శిఖరానికి చేరితే క్రాంకుకు నిండు బలం అందుతుంది. కనుక వేగం పెరిగినకొద్దీ స్పార్కు ముందుకు జరగాలి. ఆ పనిని డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు చేస్తాయి, ఇరుసు వేగంతో బయటికి విచ్చుకుని కామ్‌ను ముందుకు తిప్పుతాయి. వేగం పెరిగితే లోపల మిశ్రమం సుడులు తిరిగి కొంత త్వరగా మండుతుంది కాబట్టి నిజంలో 36 డిగ్రీలంత అవసరం పడదు. యాక్సిలరేటర్ తక్కువ నొక్కి నిదానంగా పోయేటప్పుడు సిలిండర్‌లో చేరే మిశ్రమం పలుచన, మంట నెమ్మది, ఇంకొంచెం ముందు స్పార్కు కావాలి. ఆ పని వాక్యూమ్ డయాఫ్రం చేస్తుంది. మనం చేతితో పెట్టేది వీటన్నిటికీ మొదలు. మొదలు తప్పితే అన్ని వేగాల్లోనూ తప్పే.

పెట్టే పద్ధతి చూద్దాము. క్రాంకు పుల్లీ అంచున ఒక గాటు ఉంటుంది, టైమింగ్ కవరు మీద ముల్లులు ఉంటాయి. అన్నిటికన్నా పొడవైన ముల్లు టీడీసీ, మిగిలినవి 5, 10 డిగ్రీల ముందు. కొన్ని ఇంజన్లలో ఇవి కింది వైపు ఉండడం వలన బండి కింద పడుకుని చూడాలి. బద్ధకించవద్దు. గాటుకు చాక్‌పీసు రాస్తే బాగా కనిపిస్తుంది. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో పైకి వస్తున్నదో, ఎగ్జాస్ట్‌లో పైకి వస్తున్నదో తెలుసుకోవడం ఎలా? 4వ సిలిండర్ రాకర్లు, అంటే 7, 8 వాల్వులు చూడండి. ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ రెండూ కదులుతుంటే ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉన్నట్లు. ట్యాపెట్ కవరు ఇంకా తీసే ఉంది కనుక చూడడం సులువు, వరుస పాటించినందుకు ఇదొక అదనపు లాభం.

పుస్తకంలో మీ ఇంజను కంప్రెషన్ నిష్పత్తికీ, మీ డిస్ట్రిబ్యూటర్ నంబరుకూ చెప్పిన డిగ్రీ ఎంతో చూడండి. 5 డిగ్రీలనుకుందాము. హ్యాండిల్‌తో ఇంజనును ఎప్పుడూ తిరిగే దిక్కుకే తిప్పుతూ గాటును 5 ముల్లు దగ్గరకు తేవాలి. దాటిపోతే వెనక్కి తిప్పి ఆపకూడదు, బాగా వెనక్కి పోయి మళ్లీ ముందుకు రావాలి. టైమింగ్ చైన్‌లోనూ, పళ్ల చక్రాల్లోనూ ఉన్న వదులు ఒకే వైపుకు ఒదిగి ఉంటేనే కొలత నిజం. రోటర్ ఒకటో ప్లగ్గు వైరు వైపు చూస్తుండాలి. 12 వోల్టుల బల్బు ఒకటి తీసుకుని డిస్ట్రిబ్యూటర్ పక్కన కాయిల్ వైరు వచ్చి కలిసే టెర్మినల్‌కూ బాడీకీ మధ్య కలిపి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. పాయింట్లు కలిసి ఉంటే బల్బు వెలగదు, విడిపోగానే వెలుగుతుంది. క్లాంపు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్‌ను బల్బు సరిగ్గా వెలిగే క్షణం దగ్గర ఆపి, బిగించండి. ఈ ఇంజనులో రోటర్ పై నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతుంది. కనుక డిస్ట్రిబ్యూటర్ ఒంటిని గడియారం దిక్కుకు తిప్పితే టైమింగ్ ముందుకు, ఎదురు దిక్కుకు తిప్పితే వెనక్కి. బిగించాక ఇంజనును మళ్లీ రెండు చుట్లు తిప్పి, ముల్లు దగ్గర బల్బు వెలుగుతున్నదో లేదో ఇంకొకసారి చూడండి.

హ్యాండిల్ అన్నాను కనుక ఒక హెచ్చరిక. టైమింగ్ మరీ ముందుకు ఉంటే ఇంజను స్టార్టయ్యేటప్పుడు హ్యాండిల్ వెనక్కి తన్నుతుంది. బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోకండి, మిగిలిన నాలుగు వేళ్ల పక్కనే ఉంచండి. విద్యార్థులు ఈ పట్టు ఇప్పుడే నేర్చుకోండి.

చెవితో పెట్టే పద్ధతి సంగతేమిటి అని మేస్త్రీలు నన్ను అడుగుతారు, నాకు తెలుసు. ఇంజను నడుస్తుండగా డిస్ట్రిబ్యూటర్ తిప్పుతూ, ఎక్కడ చప్పుడు నున్నగా, వేగంగా వినిపిస్తే అక్కడ బిగించడం. దారిలో బండి ఆగినప్పుడు ఇంటికి చేరడానికి అది చాలు. కాని దానిని సరైన టైమింగ్ అనకూడదు. బరువు లేకుండా నిలబడి తిరిగే ఇంజనుకు ఎంత ముందుకు జరిపినా హాయిగానే ఉంటుంది. నలుగురిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కేటప్పుడు దాని సంగతి తెలుస్తుంది. చెవికి నచ్చిన చోటు దాదాపు ఎప్పుడూ అవసరమైనదానికన్నా ముందే ఉంటుంది. ఆ నాకింగ్ పిస్టన్ కిరీటాన్నీ, హెడ్ ప్యాకింగ్‌నూ దెబ్బతీస్తుంది. దానికి భయపడి బాగా వెనక్కి పెట్టేవారూ ఉన్నారు. వెనక్కి పెడితే ఏమవుతుంది? ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే వేళకు కూడా మంట ఆరదు, ఆ మంటంతా వాల్వు తల మీద నుంచి పోతుంది, ఇంజను కాగుతుంది, పెట్రోలు తాగుతుంది. అంటే బిగువు ట్యాపెట్ కాల్చే వాల్వునే ఆలస్యపు టైమింగ్ కూడా కాలుస్తుంది. వాల్వు మార్చి, టైమింగ్ అలాగే వదిలేస్తే కొత్త వాల్వు కూడా అదే దారి పడుతుంది.

టైమింగ్ లైట్, అంటే ఒకటో ప్లగ్గు స్పార్కుతో పాటే మెరిసే లైటు, ఉన్నవారు ఇంజను నడుస్తుండగా తప్పక చూసుకోవాలి. వాక్యూమ్ గొట్టం ఊడదీసి మూసి, నిదానపు వేగంలో గాటు చెప్పిన చోట నిలిచిందా చూడండి. తరువాత వేగం పెంచండి, గాటు సాఫీగా ముందుకు జరగాలి. జరగకపోతే లోపలి బరువులు తుప్పుతో పట్టేశాయి. ఒకేసారి గెంతితే వాటి స్ప్రింగు తెగింది. ఒకచోట నిలవక అటూ ఇటూ చెదురుతుంటే బుష్ గాని, టైమింగ్ చైన్ గాని అరిగింది. చివరగా వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చి చూడండి. లోపల ప్లేటు కదిలి, పీల్చిన పట్టు అలాగే నిలవాలి. గాలి వచ్చేస్తుంటే డయాఫ్రం చిరిగింది.

ఇదంతా అయ్యాక కార్బురేటర్ ముట్టుకోండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండడం వలన పాత జెట్టుతో మిశ్రమం కొంచెం పలుచనవుతుంది. పలుచని మిశ్రమంతో ఇంజను తడబడితే దానికి మందు కార్బురేటర్‌లోనే ఉంది, టైమింగ్ తిప్పడంలో లేదు. ఆక్టేన్ ఎక్కువైంది కదా అని టైమింగ్ ఇష్టం వచ్చినంత ముందుకు జరపడం కూడా నేను ఒప్పుకోను. ఈ ఇంజను తక్కువ కంప్రెషన్‌ది, ఆ ఆక్టేన్‌తో దానికి పెద్ద ప్రయోజనం లేదు.

చివరి పరీక్ష రోడ్డు మీద. ఇంజను బాగా వేడెక్కాక, చదునైన ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. సన్నగా కిటకిట వినిపించి, వేగం అందుకోగానే పోతే సరిగ్గా ఉన్నట్లు. పోకుండా కొనసాగితే ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తేవాలి. కొన్ని లూకాస్ డిస్ట్రిబ్యూటర్లకు పక్కన చిన్న మరనట్టు ఉంటుంది, క్లాంపు విప్పకుండానే దానితో ఈ సవరణ చేయవచ్చును. అసలేమీ వినిపించకపోతే సంతోషించకండి, లైట్ పెట్టి ఒకసారి చూడండి, వెనక్కి ఉండి ఉండవచ్చు. కొత్త పాయింట్లు వేసిన బండి అయితే ఓ 800 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మనండి. కొత్త మడమ కామ్ మీద కుదురుకునేటప్పుడు కొంత అరుగుతుంది, ఖాళీ తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది. అప్పుడు ముందు ఖాళీ చూసి, ఆ తరువాతే బల్బు పెట్టండి.